మేడ మీద గదిలో ఉద్యోగం

జగ్గయ్యపేట,
జూన్ రెండో వారం

చిరంజీవి అమూల్యకు,

బాబాయి ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనొక్కణ్ణే. బడులు తెరవగానే మీ పిన్ని గురుకులంలో డ్యూటీకి వెళ్ళిపోయింది. సెలవు దొరికినప్పుడే వస్తుంది. మీ తమ్ముడు విజయవాడలో హాస్టల్లో ఉన్నాడు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను పొడిపొడిగా మాట్లాడానని నీకు అనిపించే ఉంటుంది. ఎందుకో చెప్తాను. ఆ రోజు హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తామన్నారు. పొద్దున్నించీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. స్నానానికి వెళ్తే కిటికీలో పెట్టుకున్నాను. చివరికి మోగింది. చూస్తే నీ పేరు. ఒక్క క్షణం నాకు నిరాశ కలిగింది. అన్నయ్య కూతురి పేరు చూసి నిరాశపడే స్థితికి వచ్చానా అని తర్వాత చాలా సిగ్గేసింది. కంపెనీవాళ్ళు ఆ రోజు చెయ్యలేదు, ఇవాళ్టికీ చెయ్యలేదు.

అందుకే ఈ ఏర్పాటు. ఫోన్‌ని కంపెనీలకు వదిలేద్దాం. మనిద్దరం ఉత్తరాలు రాసుకుందాం. బస్సెక్కితే గంటలో చేరే నందిగామకు ఉత్తరమా అని పోస్టాఫీసులో నవ్వారు. నవ్వనీ.

నువ్వు చేసిపెట్టిన రెస్యూమే బాగుంది. కాకపోతే నాలుగు పేజీల మనిషిని రెండు పేజీలకు కుదించావు. ఇరవై ఏళ్ళకు పైగా సిమెంటు ప్లాంటు ల్యాబులో చేసిన పనంతా చుక్కలు పెట్టిన ఆరు వాక్యాల్లో ఇమిడిపోయింది. ప్లాంటు చేతులు మారాక కొత్తవాళ్ళు పరీక్షలన్నీ ఒకే చోట చేయించుకుంటామని మా ల్యాబు మూసేసినప్పుడు కూడా నాకింత చిన్నగా అనిపించలేదు. నీ తప్పు కాదు. ఇప్పుడంతా ఇలాగే అడుగుతున్నారని నువ్వన్నావుగా.

ఒక సంగతి నీకే చెప్తున్నాను. పోయిన వారం ఒక కంపెనీ ఇంటర్వ్యూ అని లింకు పంపింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు చెరుపుకుని, మళ్ళీ పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అవతల మనిషెవరూ రాలేదు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. దాని పక్కన నా మొహమే. కింద సెకన్లు తగ్గిపోతున్నాయి. నేను "నమస్కారమండి" అన్నాను. ఎవరికన్నానో తెలియదు. మీరు ఎదుర్కొన్న కష్టమైన పరిస్థితి చెప్పండి అని ప్రశ్న. ఒకసారి వానాకాలంలో తడిసిన బొగ్గు వచ్చి ప్లాంటు ఆగిపోబోయిన సంగతి మొదలుపెట్టాను. అసలు విషయానికి వచ్చేసరికి టైమయిపోయి నా నోరు తెరిచి ఉండగానే బొమ్మ ఆగిపోయింది. అన్నీ అయ్యాక 'మీ సమాధానాలు అందాయి' అని వచ్చింది. చొక్కా విప్పి మళ్ళీ తగిలించాను. మాసింది లేదు కదా.

ఎదుటిమనిషి తల ఊపకపోతే నేను మాట్లాడలేనని నలభై తొమ్మిదో ఏట తెలిసింది.

నీ జాయినింగ్ తేదీ ఏమయింది? నువ్వు కాలేజీలో ఉండగానే సెలెక్టయ్యావు. ఇంకా ఎన్నాళ్ళు ఆపుతారు? అన్నయ్యకూ వదినకూ నమస్కారాలు చెప్పు.

మీ బాబాయి,
దత్తాత్రేయ

*

నందిగామ,
జూన్ చివర

బాబాయికి,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ నాన్న చేతికిచ్చాడు. కోర్టులో పనిచేస్తూ కూడా నాన్నకి కవరు చూస్తే భయమే. "దత్తుగాడు ఉత్తరం రాశాడేంటి, ఫోన్ పోయిందా" అని నా చేతికిచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నుంచున్నాడు. నీ ఆరోగ్యం బాగుందని చెప్పా. అంతే చెప్పా.

నాకు కోపం రాలేదు బాబాయ్. నాకూ అంతే. ఫోన్ టింగుమంటే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెడతా. చూస్తే గ్యాస్ బుకింగో, ఎవరిదో పుట్టినరోజో.

కెమెరా ఇంటర్వ్యూకి ఒక చిట్కా చెప్తా. ల్యాప్‌టాప్ పైన, కెమెరా పక్కనే ఎవరిదైనా ఫొటో అంటించుకో. మీ ల్యాబువాళ్ళదో, పిన్నిదో. వాళ్ళతో చెప్తున్నట్టు చెప్పు. ఇంకోటి, అసలు విషయం ముందు చెప్పెయ్. కథ తర్వాత. నువ్వు వాన దగ్గర మొదలుపెడితే వాళ్ళు గొడుగు వేసుకుని వెళ్ళిపోతారు.

నా సంగతి అడిగావు. కోర్సు అయిపోయి ఏడాది దాటింది. 'జాయినింగ్ తేదీ త్వరలో తెలియజేస్తాం' అని నెలకో మెయిల్ వస్తూ ఉండేది. అన్నిట్లో ఒకే వాక్యం, నా పేరు దగ్గర మాత్రం ఒక్కోసారి స్పెల్లింగ్ మారేది. పోయిన నెల కొత్తగా ఇంకోటి వచ్చింది. జాయినయ్యే ముందు మళ్ళీ ఒక పరీక్ష రాయాలట. ఒకసారి రాసి గెలిచిన పరీక్షేగా అంటాడు నాన్న. కాదు నాన్నా, ఇది వేరే అంటే, అయితే ముందుది ఎందుకు పెట్టారు అంటాడు. ఆ పరీక్ష కూడా రాశా. ఎలా రాశానో నాకే తెలియదు.

నీహారిక గుర్తుందా, హాస్టల్లో నా రూమ్మేట్, మా ఇంటికొచ్చి అమ్మ చేతి పులిహోర రెండుసార్లు వడ్డించుకుంది. తను వేరే కంపెనీలో చేరిపోయింది. బెంగుళూరు నుంచి మెడలో ఐడీ కార్డుతో ఫొటో పంపింది. బాగుంది. నిజంగా బాగుంది. కానీ ఆ ఫొటో మళ్ళీ తెరవలేదు.

గాంధీ సెంటర్లో కనిపించినవాళ్ళంతా ఒకటే అడుగుతారని అటు వెళ్ళడం మానేశా. ఎదురింటి జయమణి ఆంటీ కూరగాయలు బేరమాడుతూనే "ఎప్పుడమ్మా వెళ్ళడం" అంటుంది. ఆమె మంచిదే. ప్రశ్నే మంచిది కాదు.

రాస్తూ ఉండు.

అమూల్య

*

జగ్గయ్యపేట,
జులై మొదట్లో

చిరంజీవి అమూల్యకు,

నీ చిట్కా పనిచేసింది. ల్యాబులో మేమంతా దిగిన ఫొటో అంటించాను. ఈసారి ముందు విషయం చెప్పి, తర్వాత కథ చెప్పాను. కథ మధ్యలో మళ్ళీ ఆపేశారు, కానీ విషయం వెళ్ళిపోయింది. దాని ఫలితమో ఏమో, హైదరాబాదు రమ్మన్నారు. వెళ్ళి వచ్చాను.

పెద్ద అద్దాల మేడ. లోపల చలి. రిసెప్షన్‌లో అమ్మాయి నా మెడలో 'విజిటర్' అని కార్డు వేసింది. మమ్మల్ని ముగ్గుర్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. పోస్టు ఒకటే. ఒకాయన పేరు కిషోర్‌బాబు, వేరే ప్లాంటులో నాలాంటి పనే చేసి నాలాగే బయటికొచ్చాడు. మాటల్లో తెలిసింది, వాళ్ళది మీ నందిగామ పక్క వీరులపాడు అట. ఒకే బస్సులో వచ్చి ఉండవచ్చు మేము. ఆయన డబ్బాలో చపాతీలు తెచ్చుకున్నాడు, నాకు రెండు పెట్టాడు. పిల్లల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరం ఒక్క సంగతి మాత్రం ఎత్తలేదు. నీకు వస్తే నాకు రాదు అన్న సంగతి.

ముందు ఆయన్ని పిలిచారు. వెళ్తూ నా భుజం తట్టాడు. తిరిగొచ్చాక సంచి తీసుకుని నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. తప్పు పట్టను. ఆ తలుపు లోపలికి వెళ్ళి వస్తే ఎవరూ మామూలుగా రారు.

లోపల ముగ్గురు. మధ్యలో అబ్బాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మర్యాదగానే మాట్లాడాడు. "సార్, మీకింత అనుభవం ఉంది కదా, మీకన్నా చిన్నవాళ్ళ కింద పనిచేయడం ఇబ్బంది అనిపించదా" అన్నాడు. "లేదండి" అన్నాను. "నిజంగానా సార్" అన్నాడు. "ఖాళీగా కూర్చోవడం కన్నా ఇబ్బంది ఏముంటుందండి" అన్నాను. ముగ్గురూ ఏదో రాసుకున్నారు. అది నాకు అనుకూలమో, ప్రతికూలమో తెలియలేదు.

వారంలో చెప్తామన్నారు. వారం అయింది. ఇంకా కొన్నాళ్ళు చూస్తాను.

తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద చిల్లకల్లు దగ్గర దిగి, ఆటో ఎక్కకుండా కొంత దూరం నడిచాను. ఎందుకో ఇంటికి త్వరగా చేరాలనిపించలేదు. తాళం నేనే తీసుకోవాలి కదా.

మీ బాబాయి

*

నందిగామ,
జులై చివరి వారం

బాబాయికి నమస్కారాలు.

శుభవార్త. నాకు జాయినింగ్ వచ్చింది. ప్రస్తుతానికి ఇంటి నుంచే పని. తర్వాత ఎక్కడికి పంపేదీ చెప్తారు. మేడ మీద గది శుభ్రం చేసుకుని అక్కడ పెట్టుకున్నా. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు. ఇప్పుడు ట్రైనింగ్ నడుస్తోంది. పని బాగుంది, నేర్చుకోవడానికి చాలా ఉంది. టీమ్ అంతా చాలా సహకరిస్తున్నారు.

అమ్మానాన్నా చాలా సంతోషంగా ఉన్నారు. నాన్న కోర్టులో అందరికీ పాలకోవా పంచాడు. అమ్మ పైకి ఎవర్నీ రానివ్వట్లేదు.

పని ఒత్తిడి వల్ల ఇకమీదట వెంటనే జవాబు రాయలేకపోవచ్చు. ఏమీ అనుకోకు. నీ హైదరాబాదు ఉద్యోగం కూడా తప్పకుండా వస్తుంది.

అమూల్య

*

జగ్గయ్యపేట,
ఆగస్టు

చిరంజీవి అమూల్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పిన్నికి ఫోన్లో చదివి వినిపించాను. తను హాస్టల్ వరండాలో నిలబడి వింటూ ఏడ్చింది. సంతోషమేలే. మన ఇంట్లో ఒకరికైనా దారి దొరికింది.

నా హైదరాబాదు సంగతి ఇంకా ఏమీ లేదు. మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి "మీ ప్రొఫైల్ ప్రాసెస్‌లో ఉంది సార్" అంటుంది. మర్నాడు చేసినా అదే మాట, అదే గొంతు. ఆమెకైనా తెలుసో లేదో. కాదని చెప్పేస్తే ఒక పూట బాధపడి ఇంకో చోట చూసుకుంటాను. అవునూ కాదూ చెప్పకపోతే మనిషి ఎక్కడికీ పోలేడు. బజారుకు వెళ్ళినా ఫోన్ చేతిలోనే. మొన్న సెలూన్లో గడ్డం గీయించుకుంటుంటే మోగింది. సగం నురుగుతో లేచి బయటికి పరిగెత్తాను. లోన్ ఇస్తామని ఎవరో.

నీ పని గురించి రాయి. మీ ట్రైనింగ్ ఎవరు చెప్తున్నారు? మీ బ్యాచ్‌లో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మధ్యాహ్నం భోజనానికి ఎంతసేపు ఇస్తారు? చిన్న చిన్న సంగతులే రాయి. ఆఫీసు వాసన తగిలి చాలాకాలమైంది నాకు.

మీ బాబాయి

*

నందిగామ,
ఆగస్టు చివర

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పని బాగా జరుగుతోంది. రోజూ మీటింగ్‌లు ఉంటాయి. ప్రాజెక్టు గురించి బయటికి చెప్పకూడదు, అందుకని వివరంగా రాయలేను. భోజనానికి గంట ఇస్తారు.

నువ్వు వచ్చి చూస్తానన్నావని నాన్న చెప్పాడు. ఇప్పుడు వద్దు బాబాయ్. పగలంతా నేను గదిలోనే ఉంటా, నీతో కూర్చోవడానికి కుదరదు. తీరిక చూసుకుని నేనే వస్తా.

ఆరోగ్యం జాగ్రత్త.

అమూల్య

*

జగ్గయ్యపేట,
సెప్టెంబరు

చిరంజీవి అమూల్యకు,

ముందు నా సంగతి. కిషోర్‌బాబు ఫోన్ చేశాడు. ఉద్యోగం ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు. మమ్మల్ని పిలిచేసరికే ఆ కుర్చీలో వాళ్ళ కంపెనీ మనిషే ఖాయమైపోయాడట. బయటి నుంచి కొందరిని పిలిచి చూశాం అని చూపించడానికి మమ్మల్ని పిలిచారని ఆయనకు అక్కడి తెలిసినవాళ్ళు చెప్పారు. "అన్నా, ఆ రోజు నీ మొహం చూడకుండా వెళ్ళిపోయాను, ఏమనుకోకు" అన్నాడు. "లోపల వాళ్ళు నన్నేమీ అడగలేదు. నా పేరు అడిగి, ఏసీ ఎక్కువగా ఉందా అన్నారు. నాకర్థమైపోయింది" అన్నాడు. నన్నైతే అడిగారు. ఏమడిగినా ఒకటే కదా.

ఆ సంగతి విన్నాక నాకు కోపం రాలేదు. వేసుకెళ్ళిన చొక్కా మీద జాలేసింది.

ఇప్పుడు నీ సంగతి. నేను ఇరవై ఏళ్ళకు పైగా నలుగురి మధ్య పనిచేసినవాణ్ణి. సాయంత్రం ఇంటికొస్తే మీ పిన్నికి చెప్పేది పని గురించి కాదు, మనుషుల గురించి. ఫలానావాడు నా స్టూలు తీసుకున్నాడు, ఫలానాయన డబ్బాలో ఇవాళ కూడా బెండకాయే, ఇలాంటివి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల అయితే ఇంకా ఎక్కువ చెప్పాలి. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. వాటిలో ఒక్క మనిషి పేరు లేదమ్మా. విసుక్కున్న మాట లేదు. నవ్విన మాట లేదు. జూన్‌లో నాకు గొడుగు జోకు రాసిన పిల్ల ఈ ఉత్తరాలు రాయలేదు.

నేనేమీ అడగను. నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు. చెప్పకపోయినా మీ బాబాయి బాబాయే. కానీ ఆ గదిలో ఒక్కదానివే ఏదో మోస్తున్నావని అనిపిస్తోంది. ఒంటరిగా గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ ఏడాది నాకు బాగా తెలిసింది. అందుకే రాస్తున్నాను.

ఈ ఉత్తరం చదివి చించెయ్.

మీ బాబాయి

*

నందిగామ,
సెప్టెంబరు చివర

బాబాయ్,

చించలేదు. దిండు కింద పెట్టుకున్నా.

ఉద్యోగం లేదు. చెప్పేస్తున్నా. రాయడం ఇంత తేలికని తెలిస్తే ముందే రాసేదాన్ని.

ఆ రోజు నేను స్నానం చేస్తున్నా. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. మెయిల్ వచ్చింది. తెర మీద కంపెనీ పేరు, దాని కింద 'మీ జాయినింగ్ విషయమై' అన్నంతవరకే కనిపిస్తుంది. అమ్మ కంపెనీ పేరూ, జాయినింగ్ అన్న మాటా కూడబలుక్కుని చదివింది. అంతే. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అమ్మ జయమణి ఆంటీకి చెప్పేసింది, కోర్టుకి ఫోన్ చేసి నాన్నకి చెప్పేసింది, దేవుడి దగ్గర దీపం పెట్టేసింది. "చదువు, చదువు, ఎక్కడేశారో చూడు" అంటోంది. నేను తెరిచా. నాలుగు లైన్లు. పరీక్షలో నాకు రావలసినన్ని మార్కులు రానందువల్ల ఇచ్చిన ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నారట. నా భవిష్యత్తుకి శుభాకాంక్షలట. చివర్న, ఈ మెయిల్‌కి జవాబు పంపవద్దు అని ఉంది.

బట్టలు మార్చుకొస్తానని గదిలోకి వెళ్ళా. చెప్పేద్దామనే వెళ్ళా, మాటలు కూడదీసుకోడానికి. ఈలోపు నాన్న పర్మిషన్ పెట్టి వచ్చేశాడు. నాన్న పర్మిషన్ పెట్టడం ఎప్పుడైనా చూశావా? చేతిలో పాలకోవా పొట్లం. చెప్పులు కూడా విప్పకుండా వచ్చి నా నోట్లో పెట్టాడు. నోట్లో కోవా ఉండగా చెప్పలేకపోయా. మింగాక చెప్దామనుకున్నా. మింగాక కూడా చెప్పలేకపోయా.

"ఎప్పుడు బయల్దేరాలమ్మా" అన్నాడు. "ఇంటి నుంచే నాన్నా" అన్నా. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ట్రైనింగులో జీతం ఉండదని కూడా వాళ్ళు అడక్కముందే చెప్పేశా. నాన్న "జీతానిదేముందమ్మా" అన్నాడు.

అప్పటినుంచి రోజూ తొమ్మిదింటికి పైకెళ్తా. తలుపేసుకుంటా. హెడ్‌సెట్ పెట్టుకుంటా. ఉద్యోగాలకి అప్లై చేస్తూ ఉంటా. పేరు, ఊరు, చదువు, మళ్ళీ పేరు, ఊరు, చదువు. రెస్యూమే ఇచ్చాక అందులో ఉన్నదంతా మళ్ళీ గళ్ళల్లో నింపమంటారు. కొన్ని కంపెనీలు అర్ధగంటలోనే కాదంటాయి. అవి నయం అనిపిస్తుంది. కొన్నింటికి కోర్సు అయిపోయి ఏడాది దాటకూడదు. నా ఏడాది ఆ మొదటి కంపెనీ కోసం ఎదురుచూడ్డంలోనే పోయింది. ఆ సంగతి రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

నీకింకా ఘోరమైనది చెప్పలేదు. మీటింగ్ ఉందని చెప్పి రోజూ కాసేపు గట్టిగా ఇంగ్లిష్‌లో మాట్లాడతా. కింద అమ్మకి వినపడాలని. మొదట్లో ఏదో ఒకటి అనేదాన్ని. తర్వాత ఇంటర్వ్యూ ప్రశ్నలకి జవాబులు చెప్పడం మొదలుపెట్టా. నన్ను నేను పరిచయం చేసుకోవడం, నా బలాలు, అయిదేళ్ళ తర్వాత నేనెక్కడుంటాను. ఒక రోజు మధ్యలో ఆపి వింటే గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నీకు కెమెరా అవతల మనిషి లేడని బాధ బాబాయ్. నాకు కెమెరా కూడా లేదు.

సాయంత్రం కిందికొస్తే "అలిసిపోయావు" అని అమ్మ తలకి నూనె రాస్తుంది. ఆ అయిదు నిమిషాలు నేను కళ్ళు మూసుకునే ఉంటా.

నాన్నకి చెప్పకు. లేదంటే చెప్పు. నాకేం తెలియట్లేదు.

అమూల్య

*

జగ్గయ్యపేట,
అక్టోబరు మొదట్లో

అమ్మా అమూల్యా,

నిన్ను కోప్పడటానికి నాకేమీ కనిపించలేదు. అన్నయ్య కోవా పెట్టిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాను. నేనైనా మింగి ఊరుకునేవాణ్ణే.

నేను అన్నయ్యకు చెప్పను. ఇది నా నోటి నుంచి వింటే, నా కూతురు నాకెందుకు చెప్పలేకపోయిందని కుంగిపోతాడు. నీ నోటి నుంచి వింటే ముందు నీ గురించి ఆలోచిస్తాడు. అయితే రేపే చెప్పమని తొందర పెట్టను. ముందు ఆ గదిలోంచి బయటికి రా. సోమవారం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కు. ఆఫీసు పని అని చెప్పకు. బాబాయి దగ్గర నాలుగు రోజులుండి వస్తానని చెప్పు. అది నిజమే కదా. మా భోజనాల బల్లకు రెండు వైపులా కూర్చుని ఎవరి అప్లికేషన్లు వాళ్ళు పెట్టుకుందాం. అవతలి నుంచి 'కాదు' అని వచ్చినప్పుడు పైకి చదువుదాం. ఇద్దరం వింటే ఆ మాట కొంచెం చిన్నదవుతుందేమో చూద్దాం.

త్వరగా రమ్మనడానికి ఇంకో కారణం ఉంది. నాకొక పని దొరికింది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక ప్లాంటు. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు. నా మొహం ఎవరూ చూడలేదు. ఒక సాయంత్రం ఫోన్ చేసి పది నిమిషాలు హిందీలో మాట్లాడారు. నా హిందీ నీకు తెలుసు. అవతలాయన నవ్వాపుకుని "ఆయియే సాబ్" అన్నాడు. హైదరాబాదులో అన్ని మెట్లెక్కించి ఏమీ చెప్పలేదు. వీళ్ళు ఒక్క మెట్టూ ఎక్కించకుండా రమ్మన్నారు. ఏది సరైన పద్ధతో నాకు అర్థం కావడం లేదు.

మీ పిన్ని "ఈ వయసులో అంత దూరం ఒక్కడివే ఎలా ఉంటావు" అంది. "ఇక్కడ మాత్రం ఎవరున్నారు" అన్నాను. ఉన్న ఊళ్ళో ఒంటరిగా ఉండటం కన్నా పనిలో ఒంటరిగా ఉండటం నయమని బయల్దేరుతున్నాను. నెలాఖరుకు వెళ్ళాలి.

సోమవారం బస్టాండుకు వస్తాను. టిఫిన్ చేసి రాకు. పెసరట్టు పోస్తాను. ఈ ఏడాదిలో నేను నేర్చుకున్న పని అదొక్కటే.

మీ బాబాయి

*

నందిగామ,
డిసెంబరు

బాబాయికి,

అక్కడ చలి ఎక్కువగా ఉందా? నీ అడ్రసు హిందీలో రాయడం నాకు పెద్ద పరీక్షే అయింది. చేరుతుందో లేదో.

నీ దగ్గర ఉన్న ఆ నాలుగు రోజులే నన్ను ఇంతకాలం లాక్కొచ్చాయి. పెసరట్టు మాత్రం నువ్వింకా నేర్చుకోవాలి. ఇంటికొచ్చాక కూడా చెప్పడానికి ధైర్యం చాలలేదు. మళ్ళీ పైకే వెళ్ళా, మళ్ళీ తలుపేసుకున్నా. దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం కిందికొచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని చెప్పేశా. అంతా చెప్పా. కోవా, మీటింగులు, అన్నీ.

అమ్మ ఏడవలేదు. తిట్టలేదు. తన కుడిచెయ్యి చాపి చూపించింది. అరచేతిలో బొబ్బ ఎండి కాయ కాసింది. "నీ మీటింగులకి అడ్డమని ఇన్నాళ్ళూ మిక్సీ వెయ్యలేదే" అంది. "రోట్లో నూరుకుంటున్నా. నాకు చెప్తే మిక్సీ వేసుకునేదాన్ని కదే" అంది. అని లేచి, మిక్సీ మీద కప్పిన గుడ్డ తీసి, శనగపప్పు వేసి తిప్పింది. ఆ పప్పుతో ఆ రోజు వంటేమీ లేదు. ఊరికే తిప్పింది. నేను ఆ చప్పుడులో ఏడ్చా. బయటికి వినపడదని తెలిసి ఏడ్చా.

నాన్నకి అమ్మే చెప్పింది. నాన్న వాకిట్లోకెళ్ళి బండి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. భోజనాల దగ్గర "ఆ పరీక్షలో ఏమడిగారమ్మా" అన్నాడు. నాకు గుర్తున్న లెక్క ఒకటి చెప్పా. చెయ్యి కడుక్కుని, పేపరు అంచు మీద కాసేపు కుస్తీ పట్టి, "నాకూ వచ్చేది కాదు" అన్నాడు. కానీ సాయంత్రం కోర్టు నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఏమీ తేవడం లేదు. వచ్చి నా మొహం వైపు ఒకసారి చూసి పక్కకి తిప్పుకుంటాడు. అది మాత్రం కష్టంగా ఉంది బాబాయ్. నాకు ఉద్యోగం లేకపోవడం కన్నా, నాన్న ఆ రోజు సంతోషం తల్చుకుని సిగ్గుపడుతున్నాడేమోనని.

జయమణి ఆంటీ అడిగితే అమ్మ "పిల్లకి ఉద్యోగం రాలేదండి, వెతుక్కుంటోంది" అని చెప్పేసింది. ఆంటీ "అవునా" అని బెండకాయలు ఏరుకుంది. ఇన్నాళ్ళూ ఈ ఒక్క మాటకేనా నేను మేడెక్కింది అనిపించింది.

ఇప్పుడు కిందే, వంటింటి పక్కన బల్ల మీద కూర్చుని అప్లై చేస్తున్నా. రోజులు గడవవు. నీతో కూర్చున్నప్పుడు 'కాదు' అని వస్తే పైకి చదివేవాళ్ళం. ఇక్కడ మనసులోనే చదువుకుంటున్నా. అమ్మకి ఇంగ్లిష్ అంతగా రాదు, కానీ నా భుజాలు చూసి కాఫీ పెడుతుంది. నీహారిక ఫోన్ చేసింది, ఈసారి తీశా. తనకి అక్కడ తెలుగులో మాట్లాడ్డానికి ఎవరూ లేరట. ఐడీ కార్డు ఫొటోలో ఆ సంగతి కనపడలేదు.

నిన్న ఒక ఫోన్ వచ్చింది. దాని గురించే రాద్దామని కూర్చున్నా. ఉద్యోగం వచ్చిందా అంటే, లేదు. వస్తుందా అంటే, తెలియదు. విజయవాడలో చిన్న కంపెనీ, ఒకసారి వచ్చి కలవమన్నారు. చాలామందిని రమ్మని ఉంటారు. అయినా నీకు చెప్పాలి.

అమ్మ అప్పుడే మిక్సీ వేసింది. ఫోన్ మోగింది. అవతల అమ్మాయి తన పేరు మెర్లిన్ అని, ఫలానా కంపెనీ నుంచని చెప్పింది. నాకు సగమే వినపడింది. తనకీ అంతే అనుకుంటా. "అమూల్యగారూ, వెనక బాగా చప్పుడొస్తోందండి, వేరే గదిలోకి వెళ్తారా" అంది. నేను లేచా. కాళ్ళు వాటంతటవే మెట్ల వైపు తిరిగాయి. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయా.

"లేదండి, నేను ఇక్కడే ఉంటా" అన్నా. "ఇది మా వంటిల్లు. అమ్మ పచ్చడి చేస్తోంది. ఒక్క నిమిషంలో అయిపోతుంది, ఆగుతారా" అన్నా.

పెట్టేస్తుందనుకున్నా. పెట్టెయ్యలేదు. కాసేపాగి "ఏం పచ్చడండి" అంది.

"దోసకాయ" అన్నా.

"మా ఇంట్లోనూ పొద్దున అదేనండి" అంది.

మిక్సీ ఆగేదాకా ఆ అమ్మాయి లైన్లోనే ఉంది.

నీ
అమూల్య